ఆరోగ్యవంతుడైన తోబుట్టువు

పదకొండు రోజుల్లో పద్నాలుగు లారీల ధాన్యాన్ని వెనక్కి తిప్పేశాడు చలపతిరావు.

తాడేపల్లిగూడెంలో ఒకే రైసుమిల్లులో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా శాంపిల్ చూసే గుమాస్తా అతను. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి తీసిన గింజల్ని అరచేతుల మధ్య నలిపి, ఊక ఊదేసి, నల్లరేకు పళ్లెంలో పరిచి ఒక్క చూపు చూసేవాడు. నూకెంత, తేమెంత, రంగు మారిన గింజలెన్ని అన్నది ఆ ఒక్క చూపులోనే తేలిపోయేది. మెషిన్లు వచ్చాక కూడా ముందు చలపతి చూపు, తర్వాతే మెషిన్. అంత పేరున్న మనిషి ఇన్నేళ్లలోనూ ఎన్ని లారీలు వెనక్కి తిప్పాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిది ఇప్పుడు రోజుకొకటి తిప్పుతున్నాడు.

ఆ సోమవారం మండవల్లి వైపు నుంచి వచ్చిన రైతు ఒకడు మిల్లు గేటుకి అడ్డంగా కండువా పరుచుకుని కూర్చున్నాడు.

"మా చేలు కొల్లేటి అంచునే ఉన్నాయండి, కాదన్ను. గింజకి కాస్త చెమ్మ ఉంటది. కానీ గింజల మీద నల్లమచ్చలన్నారే, ఆ నలుపెక్కడుందో చూపించండి బాబూ. చూపిస్తే లారీ తీసుకెళ్లి కాలవలో దిమ్మరించేసి పోతాను."

"నాకు కనబడింది. నీకు కనబడకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు చలపతిరావు. జేబులోంచి కాగితం పొట్లం తీసి ఊపాడు. తిప్పేసిన లారీలోంచి ఏరిన చెడ్డ గింజల్ని సాక్ష్యంగా పొట్లం కట్టి ఉంచుకోవడం శాంపిల్ చూసేవాళ్లందరి అలవాటు. "నలభై మూడు గింజలు! పిడికెడు బియ్యంలో నలభై మూడు!"

మిల్లు యజమాని నాగభూషణరావు మేడ మెట్లు దిగి వచ్చాడు. ఆయన కేకలు వేసే రకం కాదు. గోదావరి జిల్లాల్లో మెత్తగా మాట్లాడేవాడికే ఎక్కువ భయపడాలి.

"చలపతిగారూ, ఇలా ఓసారి వస్తారా అండీ," అని పక్కకి తీసుకెళ్లాడు. "కళ్లకేమైనా ఇబ్బందిగా ఉందాండీ?"

"నా కళ్లకా! పుట్టి బుద్ధెరిగాక నా కళ్లు ఇంత చురుగ్గా ఎప్పుడూ లేవండి. ఇదివరకు కనబడనివి కూడా ఇప్పుడు కనబడుతున్నాయి."

"నా భయం కూడా అదేనండీ." నాగభూషణరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. "వచ్చే సోమవారం పొద్దున్నకి ఏ డాక్టరు దగ్గర్నుంచైనా ఓ కాగితం తెండి. కళ్లూ బాగున్నాయి, బుర్రా బాగుంది అని. తెస్తే ఆ కుర్చీ మీదే. లేదంటారా, కొన్నాళ్లు కృపావరాన్ని కూర్చోబెడతాను. మీ దగ్గర పని నేర్చుకున్న మనిషే కదండీ."

బుర్ర అన్న మాట దగ్గర చలపతిరావు చెవులు వేడెక్కాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మా ఇంట్లో ఆ జబ్బున్నది నాక్కాదండి, మా అన్నయ్యకి," అన్నాడు.

"నేను జబ్బన్నానాండీ?" అని నాగభూషణరావు మెట్లెక్కేశాడు.

ఆ అన్నయ్య పేరు నిత్యానందం. చలపతికంటే ఏడేళ్లు పెద్ద. ఏలూరులో డిగ్రీ చదువుతుండగా, ఇరవయ్యో ఏట, వరసగా నాలుగు రాత్రులు నిద్రపోలేదు. అయిదో రోజు తెల్లారగట్ల ఇంటికొచ్చి, తండ్రి కిరాణా కొట్టు తలుపులు తీసి, బస్తాల కొద్దీ పంచదార, దిమ్మలకి దిమ్మలు బెల్లం దారిన పోయేవాళ్లకి పంచిపెట్టేశాడు. ఎందుకురా అంటే నవ్వాడట. కోమటింట పుట్టి కొట్టు పంచిపెట్టినవాడికి పిచ్చి అనడానికి ఏ డాక్టరూ అక్కర్లేదు. తండ్రి పెద్దకొడుకుని వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరగడంతో కొట్లో కూర్చోవడానికి ఎనిమిదో క్లాసు చదివే చిన్నకొడుకుని బళ్లోంచి లాక్కొచ్చారు.

"వాడికి సూదేసి నిద్రపుచ్చారు. ఆ రోజే బళ్లో నా పేరు కొట్టేశారు. వాడు నిద్రపోయాడు, నేను లేచాను. ఇంతే మా అన్నదమ్ముల కథ," అని చలపతిరావు టీకొట్టు దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. కొట్టు ఆ తర్వాత ఎన్నాళ్లో నిలవలేదు. ముప్ఫై తొమ్మిదేళ్లుగా నిత్యానందం మాత్రలు వేసుకుంటున్నాడు, తమ్ముడింట్లో వెనకగదిలో ఉంటున్నాడు. పొద్దున్నే పాలు తెస్తాడు, కరెంటు బిల్లు కట్టొస్తాడు, తొమ్మిదిన్నర కొట్టేసరికి పడుకుంటాడు. ఎవరినీ ఏమీ అడగడు. అతన్నీ ఎవరూ ఏమీ అడగరు.

ఇంట్లో మంచి బుర్ర ఉన్నవాడు తను. చదువు పోయినా, కొట్టు పోయినా, అదొక్కటే చలపతిరావుకి మిగిలిన ఆస్తి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో స్కూటీ ఉంది. లోపల కుర్చీలో పాతికేళ్ల అమ్మాయి కూర్చుని నిత్యానందంతో మాట్లాడుతోంది. చలపతిరావుని చూసి లేచి నిలబడింది.

"నమస్కారమండీ. నా పేరు సింధూర. ఇక్కడ కాలేజీ క్యాంపస్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. నిద్రకీ చూపుకీ మనసు జబ్బులకీ మధ్య సంబంధం ఏంటన్నది మా పని. ఏలూరులో డాక్టరుగారి దగ్గర నిత్యానందంగారిని కలిశాను. ఆయన ఒప్పుకున్నారు. ఇలాంటివాళ్ల చూపునీ నిద్రనీ ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన ఇంకొకరితో పోల్చి చూడాలండీ. అందుకు ఆరోగ్యవంతుడైన తోబుట్టువు ఒకరు కావాలి."

చలపతిరావు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఆగిపోయాడు.

"ఏమన్నావమ్మా?"

"ఆరోగ్యవంతుడైన తోబుట్టువు అండీ."

"ఆ మాట కాగితం మీదుందా?"

ఆమె సమ్మతి పత్రం తీసి చూపించింది. ఉంది. అచ్చులో ఉంది. అతను దాన్ని మూడుసార్లు చదివి, "దీని మీద నా పేరు రాసి ఓ స్టాంపు వెయ్యగలవా?" అన్నాడు.

"ఇది సర్టిఫికెట్ కాదండీ. మీ ఇష్టంతో పాల్గొంటున్నారని మీరు మాకిచ్చే కాగితం. మేము ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వం."

"అవన్నీ తర్వాత చూద్దాంలే," అన్నాడతను. కాలేజీ వాళ్లు పరీక్ష పెట్టి, పట్టీలో ఆరోగ్యవంతుడని పేరు ఎక్కించాక దాన్నే జెరాక్సు తీయించి నాగభూషణరావు మొహాన పడేస్తే చాలు. స్టాంపు లేకపోతే పీడాపోయింది.

సింధూర ప్రశ్నలు మొదలుపెట్టింది. బీపీ, షుగరు, తలకి దెబ్బలు... అన్నీ అయ్యాక, "నిద్ర బాగా పడుతుందాండీ?" అంది.

"మొద్దు నిద్రమ్మా. తలగడ మీద తల ఆనితే చాలు."

కాఫీ గ్లాసులతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య ఉమాకుమారి తలెత్తి చూసింది. మొగుడు రాత్రి రెండింటికి లేచి పప్పు డబ్బాలన్నీ దింపి మళ్లీ సర్దడం, మూడింటికి కాలవగట్టు దాకా నడిచి రావడం, నాలుగింటికి తనని లేపి, శాంపిల్ చూసే పద్ధతి మీద పుస్తకం రాసి కలెక్టరుగారికి పంపుతానని గంటసేపు చెప్పడం నెల పైనుంచీ చూస్తున్న మనిషి. కానీ పైవాళ్ల ఎదుట మొగుడి మాటకి అడ్డం చెప్పడం ఆ ఇంటి మర్యాద కాదు. కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది.

"చలపతీ," అన్నాడు నిత్యానందం నెమ్మదిగా. "నిద్ర సంగతి ఆ అమ్మాయికి నిజం చెప్పు."

"ఇందులో నీకేం తెలుసని? నువ్వు నోరు మూసుకుని కూర్చో అన్నయ్యా. జబ్బు నీది."

సింధూర ఇద్దరి మొహాలూ చూసింది. పద్ధతి ప్రకారం జవాబే రాసుకుంది. తర్వాత ఇద్దరికీ ఎడమ మణికట్టుకి ఒకేలాంటి నల్ల వాచీలు కట్టింది. మనిషి కదలికనీ మీద పడే వెలుతురునీ బట్టి ఎప్పుడు పడుకున్నాడో ఎప్పుడు లేచాడో లెక్కకట్టే వాచీలట. స్నానానికి తప్ప తియ్యకూడదు. ఆరు రాత్రులు అయ్యాక ఆదివారం పొద్దున్న క్యాంపస్‌కి రావాలి.

మొదటి రాత్రి చలపతిరావు ఎడమచేతిని దిండు మీద పెట్టుకుని, పరాయివాళ్ల వస్తువుని కాపలా కాస్తున్నట్టు కదలకుండా పడుకున్నాడు. చెయ్యి కదలకపోతే నిద్రపోయినట్టే లెక్క కదా అని. గంట గడిచేసరికి ఆ చెయ్యి అతని మాట వినడం మానేసింది. లేచాడు. కళ్లు మూస్తే రెప్పల లోపల గింజలు. కళ్లు తెరిస్తే గోడ సున్నంలో గింజలు, దోమతెర కన్నాల్లో గింజలు. ప్రతిదాని మీదా ఒక మచ్చ. భయం వెయ్యలేదు, పైగా గర్వంగా అనిపించింది. లోకం ఇన్నాళ్లూ తన దగ్గర దాచిన తప్పులన్నీ ఒక్కసారిగా ఒప్పుకుంటున్నట్టుంది. వెనకగదిలోంచి నిత్యానందం గురక మరాడినట్టు ఒకే తీరున వినిపిస్తోంది. ఆ గురక మీద కూడా కోపం వచ్చింది.

రెండో రాత్రి నుంచి వాచీ సంగతే మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున్న క్యాంపస్‌లో చిన్న ఏసీ గది. ఒక కంప్యూటరు, గెడ్డం ఆనించి కూర్చోవడానికి ఒక చెక్క, కళ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో చూసే కెమెరా. సింధూర వివరంగా చెప్పింది. తెర మీద సన్నటి గీతలు చాలా కనబడతాయి. అన్నీ ఒకవైపు వాలి ఉంటాయి. కొన్ని బొమ్మల్లో మాత్రం ఒకే ఒక్క గీత వేరేవైపు వాలి ఉంటుంది. అది ఉంటే కుడి మీట నొక్కాలి. లేకపోతే ఎడమ మీట. మొత్తం రెండు వందల బొమ్మలు.

ముందు నిత్యానందం కూర్చున్నాడు. తీరిగ్గా చూసి, పెదవుల్లో "ఉంది... లేదు... లేదు..." అనుకుంటూ నొక్కాడు. బయట వరండాలో చలపతిరావు ఈ చివర నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగాడో. ఈ నత్తనడక తర్వాత తన వేగం చూస్తే ఆ పిల్లకి కళ్లు తిరగాలి అనుకున్నాడు.

అతని వంతు వచ్చింది. నిజంగానే అన్న చేసినదాంట్లో సగం సేపట్లో ముగించి లేచాడు. "ఎలా ఉందమ్మా మరి? గూడెంలో ఈ కళ్లకి సాటి లేదు."

సింధూర తెర మీది అంకెల్ని మరోసారి కిందినుంచి పైకి చూసింది.

"చెప్పమ్మా."

"చలపతిరావుగారూ... ఈ రెండు వందల బొమ్మల్లో వందింటిలో ఏమీ లేదండీ. ఆ వందలో డెబ్బై ఆరింటికి మీరు ఉంది అని నొక్కారు."

"ఉంది కాబట్టే నొక్కాను."

"లేదండీ. కంప్యూటరు తయారుచేసిన బొమ్మలు. వాటిలో తేడా గీత పెట్టలేదు." ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకుంది. "ఇంకొక సంగతండీ. వాచీ లెక్క ప్రకారం ఈ ఆరు రాత్రుల్లో ఏ రాత్రీ మీరు రెండు గంటలకి మించి పడుకోలేదు. మొద్దు నిద్ర అని చెప్పారు నాకు."

"వాచీ చెడిపోయి ఉంటుంది."

"నిత్యానందంగారి వాచీ తొమ్మిది గంటలు చూపిస్తోందండీ. రెండూ ఒకేరకం."

చలపతిరావు నవ్వాడు. ఆ నవ్వు ఉమాకుమారి ఇంట్లో నెల్లాళ్లుగా వింటున్న నవ్వే. పైస్థాయిలో మొదలై కిందికి దిగదు.

"నువ్వు చదువుకున్నదానివి, నేను ఎనిమిదో క్లాసు. అయినా ఒక మాట చెబుతాను రాసుకో. తప్పులేని శాంపిల్ అంటూ ఉండదమ్మా. అది మా వృత్తి ధర్మం. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆ మాట మీదే బతికాను. అనుమానం వస్తే ఉందనే అంటాం. గూడెంలో శాంపిల్ చూసేవాళ్లని ఎవరినైనా తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టు. వాళ్లూ నాలాగే నొక్కుతారు. అప్పుడేమంటావు? ఊరంతా పిచ్చివాళ్లంటావా?"

సింధూర కోప్పడలేదు. పైగా ఆలోచనలో పడింది. "అది నిజం కావచ్చండీ. చేసే పనిని బట్టి చూపు అలవాటు పడుతుంది. నేను అడగాల్సిన ప్రశ్నే. ఎవరినైనా చూస్తే నాకూ తెలుస్తుంది."

"ఇప్పుడే పిలుస్తాను," అని ఫోను తీశాడు చలపతిరావు. కృపావరానికే చేశాడు. తన కుర్చీలో కూర్చోబెడతానంటున్న మనిషినే సాక్షిగా నిలబెడితే నాగభూషణరావు నోటికి తాళం పడుతుంది.

గంట తర్వాత కృపావరం చర్చి నుంచి నేరుగా వచ్చింది. నలభై దాటిన మనిషి, గంజిపెట్టిన తెల్లచీర, చంకలో బైబిలు. సింధూర చెప్పిందంతా శ్రద్ధగా విని, సంతకం పెట్టి, చెప్పులు బయట విడిచి కూర్చుంది.

చలపతిరావు ఆమె వెనకే నిలబడతానన్నాడు. సింధూర కుదరదంది. గోడకి ఆనుకుని నిలబడి మీట చప్పుడు వింటూ ఉన్నాడు. కుడి మీటది ఒక చప్పుడు, ఎడమదాందొకటి. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, ఎడమ. ప్రతి ఎడమ చప్పుడికీ అతని భుజం ఎగిరిపడుతోంది.

"అయిపోయిందండి," అని కృపావరం లేచింది.

"ఏమీలేని వందింటిలో మూడే పొరబడ్డారు," అంది సింధూర తగ్గు గొంతుతో.

"ఏమే కృపావరం!" అతని గొంతు ఆ చిన్న గదిలో పట్టలేదు. "ఇదేనా నేను నేర్పింది? తప్పులేని శాంపిల్ ఉండదని నీకు నేర్పలేదూ?"

ఆమె బెదిరిపోయి సింధూర వైపు, నిత్యానందం వైపు చూసింది. తర్వాత బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "మీరు నేర్పింది అది కాదండి," అంది.

"మరేం నేర్పేను?"

"నేను కొత్తగా చేరినప్పుడండి, భయానికి మంచి శాంపిల్లోంచి ముప్ఫై గింజలు ఏరి చెడ్డవన్నాను. మీరు తిట్టలేదండి. ఒక్కో గింజా తీసి మళ్లీ పళ్లెంలో వేసేరు. 'లేని తప్పు చూసేవాడు ఈ కుర్చీకి పనికిరాడు కృపావరం. ఉంటే చెప్పు, లేకపోతే చేతులు దులుపుకుని లే. రైతు పొట్ట కొట్టే హక్కు మన కళ్లకి లేదు' అన్నారు. ఎనిమిదేళ్లయిందండి. నేను పళ్లెం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ మాటే అనుకుంటానండి."

చలపతిరావుకి ఆ రోజు గుర్తుకొచ్చింది. ముసురు పట్టిన రోజు, పళ్లెం అంచున ఈమె గాజుల చప్పుడు, వణుకుతున్న వేళ్లు. తను ఒక్కో గింజా వెనక్కి వేయడం కూడా కనబడింది. మాట కూడా తనదే. మరి ఇందాక తను ముప్ఫయ్యొక్క ఏళ్లుగా బతుకుతున్నానన్న మాట ఎక్కడిది? తప్పులేని శాంపిల్ ఉండదని ఎవరితో అన్నాడు, ఎప్పుడన్నాడు? వెనక్కి వెనక్కి వెతికాడు. ఈ నెల్లాళ్లలో వందసార్లు అన్నాడు. ఆ వెనక ఒక్కసారి కూడా దొరకలేదు.

"చలపతిరావుగారూ," అంది సింధూర. "నేను డాక్టర్ని కాదు. మీకు ఫలానా జబ్బుందని చెప్పే అర్హత నాకు లేదు. ఈ పరీక్ష అందుకు పెట్టింది కూడా కాదు. కానీ ఆరోగ్యవంతుల పట్టీలో మీ పేరు రాయలేను. చూసి కూడా చెప్పకుండా మిమ్మల్ని పంపించనూలేను. ఏలూరు డాక్టరుగారితో మాట్లాడతాను, రేపే..."

"చాల్లే తల్లీ," అని వాచీ పీకి బల్ల మీద పడేసి బయటికి వచ్చేశాడు.

బయట ఎండ పేలిపోతోంది. మెట్ల దగ్గర ఆగి, మళ్లీ నడిచి, మళ్లీ వెనక్కి వచ్చాడు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. వెనకే వచ్చిన కృపావరాన్ని చూసి జేబులోంచి పొట్లం తీశాడు.

"ఇవి మండవల్లి లారీవి. చూసి చెప్పు. దేవుడి మీద ఆన. నా మొహం చూసి చెప్పకు."

ఆమె బైబిలు అట్ట మీద ఆ కాగితం విప్పి, ఎండలోకి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. రెండు గింజలు వేలితో పక్కకి జరిపింది.

"ఈ రెండూనండి."

"మిగతా నలభై ఒకటీ?"

"బాగున్నాయండి."

చలపతిరావు వంగి చూశాడు. నలభై మూడు గింజలు, నలభై మూడు మచ్చలు. ఒకదాని కొసన, ఒకదాని నడుమున, సూదిమొన అంత, కాటుక చుక్కలా స్పష్టంగా. కళ్లు నలుపుకుని చూశాడు. ఇంకా నల్లగా కనబడ్డాయి. ఈమె అబద్ధం చెప్పే మనిషి కాదు. కుర్చీ కోసం చెబుతోందనుకుందామా అంటే, లోపల కంప్యూటరు కూడా అదే అంది. దానికి ఏ కుర్చీ కావాలి? ఇక మిగిలినవి తన కళ్లు. పుట్టినప్పటినుంచి ఒక్కరోజు కూడా అనుమానించనివి.

మెట్టు మీద కూర్చున్న నిత్యానందం ముందు ఆ కాగితం పెట్టాడు.

"నీకెలా కనబడుతున్నాయి అన్నయ్యా?"

నిత్యానందం గింజల వైపు చూడలేదు.

"నా సంగతెందుకురా. నాకు చత్వారం," అని కాగితాన్ని తమ్ముడి వైపే జరిపాడు. "అప్పుడు నాకు బెల్లం దిమ్మల మీద పేర్లు కనబడ్డాయి. ఒక్కో దిమ్మ మీదా ఒక్కోళ్ల పేరు. ఫలానా వెంకన్న, ఫలానా సూరమ్మ. స్పష్టంగా చెక్కినట్టుండేవి. ఎవరి పేరున్నది వాళ్లకివ్వకపోతే దొంగతనం కదా అనిపించింది. అందుకే ఇచ్చేశాను."

చలపతిరావు నోరు తెరిచి చూశాడు. "ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎందుకు పంచావురా అని నాన్న అరిచేడు. ఏం కనబడింది అని ఎవరడిగేరు?" నిత్యానందం నవ్వాడు. "అప్పుడు నా కళ్లు కూడా ఇప్పటి నీ కళ్లంత చురుగ్గా ఉన్నాయిరా చలపతీ. ఆ తర్వాత ఎప్పుడూ అలా లేవు. ఆ చురుకుదనం పోతుందనే మొదట్లో మాత్రలు ఉమ్మేసేవాణ్ణి."

కృపావరం వంగి ఆ కాగితం తీసుకుని మడిచి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడింది.

"నీ వల్ల నా బడి పోయింది," అన్నాడు చలపతిరావు. ఎన్నోసార్లు అన్న మాటే. ఈసారి మాత్రం తిట్టులా రాలేదు, ఇంకేం అనాలో తోచనివాడి మాటలా వచ్చింది.

"పోయింది. దానికి నేనిప్పుడు చేయగలిగిందేం లేదు. రేపు పొద్దున్న ఏడింటికి పాసింజరుంది. ఓపీ చీటీలు పదింటికల్లా అయిపోతాయి. టిఫిన్ తినే బయల్దేరాలి, ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే తిప్పేస్తది. ఆ డాక్టరుగారు ఏమడిగినా 'బాగానే ఉందండి' అనకు. మన వైపువాళ్లకి ఆ మాట నోట్లో కాపరముంటుంది. నేను అలా అనే రెండేళ్లు పోగొట్టుకున్నాను."

సోమవారం పొద్దున్న ఉమాకుమారి ఇడ్లీ పెట్టింది. మొగుడు మిల్లుకి కాకుండా స్టేషనుకి వెళుతున్నాడని తెలిసి, "ఏవండీ..." అని ఆగిపోయింది. చెంగుతో మొహం తుడుచుకుని, "నేను ఆ రోజే ఆ అమ్మాయితో చెప్పాల్సిందండీ," అంది.

"చెబితే నిన్ను బతకనిచ్చేవాణ్ణా?" అన్నాడు చలపతిరావు. అది క్షమాపణే. అంతకంటే అతనికి చేతకాదు.

రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. చేబ్రోలులో తలుపు దగ్గరికి, కైకరంలో వెనక్కి, పూళ్లలో మళ్లీ తలుపు దగ్గరికి. భీమడోలు దగ్గర చేపల చెరువుల మీద ఎండ పడి నీళ్లంతా చుక్కలు చుక్కలుగా మెరిసింది. చూపు తిప్పుకున్నాడు. జేబులో ఫోను మోగింది. నాగభూషణరావు.

"చలపతిగారూ, కాగితం దొరికిందాండీ?"

"లేదండి."

చలపతిరావుకి ఎన్నో మాటలు గొంతులో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ పిల్లకేం తెలుసండి, ఆ వాచీ చైనాదండి, ఒక్క వారం టైమివ్వండి. నాలుక కరుచుకున్నాడు.

"కృపావరాన్ని కూర్చోబెట్టండి," అన్నాడు. "ఆ మండవల్లి రైతుకి ఫోను చేసి లారీని మళ్లీ పిలిపించండి. ఆ ధాన్యం మంచిదేనటండి."

"మీరు చూశారాండీ?"

"నేను చూస్తే లాభం లేదండి. ఆవిడ చూసింది."

ఫోను జేబులో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. నిత్యానందం చూసీ చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ, "పవర్‌పేటలో దిగుదాం. అక్కణ్ణుంచి నడక దగ్గర," అన్నాడు.

ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర వరస అప్పటికే మెట్ల దాకా ఉంది. వాళ్ల వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. లోపల కూర్చున్న ఆవిడకి నిత్యానందం ఏళ్లనాటి పరిచయం. పెన్ను తీసి, "మీది వచ్చే నెల కదండీ నిత్యానందంగారూ? మాత్రలు అయిపోయాయా?" అంది.

"ఇవాళ నా పని మీద కాదమ్మా," అని నిత్యానందం పక్కకి తప్పుకున్నాడు. తమ్ముడి పేరు చెప్పలేదు. వెనక్కి తిరిగి పిలవను కూడా లేదు.

చలపతిరావు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. వెనక నుంచి ఎవరో, "తొందరగా కానివ్వండి బాబూ," అన్నారు. ఈ కిటికీ దగ్గర అతను కనీసం పాతికసార్లు నిలబడి ఉంటాడు, ఎప్పుడూ అన్నకి తోడుగా. కిటికీ ముందుకి వచ్చాడు. పేరు చెప్పాడు. వయసు యాభై రెండన్నాడు.

"ఏంటండీ ఇబ్బంది?"

ఏమీ లేదండి, ఊరికే చూపించుకుందామని. మాట పెదాల దాకా వచ్చేసింది. వెనక వరసలో పాతిక మంది. ఎవరైనా గూడెం వాళ్లుంటే సాయంత్రానికి టీకొట్టు దాకా పోతుంది.

"నిద్ర పట్టట్లేదండి," అన్నాడు. "నెల దాటింది. లేనివి కనబడుతున్నాయి."

ఆవిడ రాసుకుంది. చీటీ చింపి ఇచ్చి, "పిలుస్తారు, ఆ బల్ల మీద కూర్చోండి," అంది.

కూర్చున్నాడు. లేచాడు. మంచినీళ్ల కుండ దాకా వెళ్లి తాగకుండానే తిరిగొచ్చాడు. మళ్లీ కూర్చుని, నిమిషం తిరక్కుండా మళ్లీ లేచాడు. ఎదుటి బల్ల మీది ముసలావిడ అతన్నే చూస్తోంది. నిత్యానందం కూర్చోమని అనలేదు. తనూ లేచి, పంచె సర్దుకుని, వరండా పొడుగునా తమ్ముడి పక్కనే నడవడం మొదలుపెట్టాడు.